నడిపే కరెంటు వేరు, వాడుకునే కరెంటు వేరు

ఈ నెల ఉత్తరాల్లో చాలావరకు పాత క్యాంపర్ వ్యాన్ల గురించే ఉన్నాయి. పాతదాన్ని పాతగానే ఉంచాలా, కొత్త ఎలక్ట్రానిక్స్ పెట్టించాలా అన్నదే అందరి సందేహం. అందుకని ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చాను.

ప్రశ్న: మా మామగారు ఎంతో ఇష్టంగా వాడుకున్న 1974 నాటి ఫోక్స్‌వ్యాగన్ క్యాంపర్ వ్యాన్ ఇప్పుడు మా చేతికి వచ్చింది. ఇంజన్ బాగానే ఉంది. మావారు లిథియం బ్యాటరీ, సోలార్, ఇన్వర్టర్, వెనక కెమెరా, పెద్ద టచ్ స్క్రీన్, అన్నీ ఒకేసారి పెట్టించేద్దాం అంటున్నారు. నాకేమో మామగారి చేతిలో ఎలా ఉండేదో అలాగే ఉంచాలని ఉంది. ఇంట్లో రోజూ ఇదే చర్చ. ఎవరి మాట వినాలి?

జవాబు: అమ్మా, ఎవరి పక్షం తీసుకోవాలన్నా ముందు ఒక గీత గీసుకోవాలి. బండి స్టార్ట్ అవడానికి, నడవడానికి, ఆగడానికి, రాత్రిపూట మనకు దారి కనిపించడానికి, వెనక వచ్చేవాళ్లకు మనం కనిపించడానికి కావలసిన వైరింగ్ ఒకటి. బండి ఆపుకున్నాక లోపల లైటుకి, ఫ్రిజ్‌కి, ఫ్యానుకి, ఫోన్ ఛార్జింగ్‌కి కావలసింది ఇంకొకటి. మొదటి దాంట్లో మీ మాటే నెగ్గాలి. రెండో దాంట్లో మీవారి మాటకు చాలా చోటుంది. ఈ రెండూ ఎక్కడా కలవకూడదు. ఇన్నేళ్లుగా పాత బండ్ల వైరింగ్ పనిలో నేను గట్టిగా పట్టుకున్న నియమం ఇదే.

కార్బురేటర్‌తో, పాయింట్లతో (స్పార్క్ కోసం తెరుచుకుని మూసుకునే చిన్న కాంటాక్టులు) నడిచే ఆ ఇంజన్‌కి కంప్యూటర్ లేదు. దారిలో ఆగిపోతే ఒక టెస్ట్ ల్యాంపు పట్టుకుని తీగ వెంట వెళ్తే కరెంటు ఎక్కడ ఆగిందో తెలిసిపోతుంది. జర్మనీ బండ్లలో ఇంకో సుఖం కూడా ఉంది. స్విచ్చుల మీద, రిలేల (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చులు) మీద, స్పార్క్ పుట్టించే కాయిల్ మీద తీగ తగిలించే చోట చిన్న అంకెలు అచ్చు వేసి ఉంటాయి. 30 అంటే తాళం తిప్పినా తిప్పకపోయినా ఎప్పుడూ కరెంటు ఉండే తీగ. 15 అంటే తాళం తిప్పాక కరెంటు వచ్చేది. 31 ఎర్త్. 50 స్టార్టర్‌కి వెళ్లేది. 61 ఛార్జింగ్ లైటుది. ఎర్త్ తీగ గోధుమ రంగులో ఉంటుంది. నల్ల తీగ చాలాచోట్ల తాళం తిప్పాక కరెంటు పారే తీగ! ఈ సంగతి తెలియని ఎలక్ట్రీషియన్ అలవాటు కొద్దీ నల్ల తీగను ఎర్త్ అనుకుంటే తంటా అక్కడే మొదలవుతుంది. పని అప్పగించేముందు 'ఈ మోడల్ వైరింగ్ బొమ్మ చూశారా?' అని అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి.

నా దగ్గరికి వచ్చే బండ్లలో తరచూ కనిపించే దృశ్యం ఒకటి చెప్తాను. కొత్త వస్తువు పెట్టినవాళ్లు దాని కరెంటు కోసం దగ్గర్లో ఉన్న టెయిల్ లైట్ తీగకు ఒక ప్లాస్టిక్ క్లిప్పు నొక్కేస్తారు. నిమిషంలో పని అయిపోతుంది. ఆ క్లిప్పులో ఉండే రేకు తీగ పైపొరను కోసుకుని లోపలికి దిగి, రాగి పోగుల్లో కొన్నిటిని తెంపేస్తుంది. అక్కడ చెమ్మ చేరుతుంది. కొన్నాళ్లకు విప్పి చూస్తే రాగి పచ్చగా మారి, చేత్తో లాగితే పొడిలా రాలిపోతుంది. కొత్త వస్తువు పని చేస్తూనే ఉంటుంది, వెనక లైటు మాత్రం మిణుకుమిణుకుమంటుంది. బండిలో కూర్చున్నవాళ్లకు ఆ సంగతి తెలియదు. సౌకర్యం కోసం పెట్టింది ప్రాణాలు కాపాడేదాన్ని తినేయడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

కాబట్టి కొత్తవి కొనకముందు పాతదాని బాకీ తీర్చండి. అన్నిటికన్నా ముందు పెట్రోల్ గొట్టాలు. ఆ రబ్బరు వయసు మీదపడి బీటలు వారితే కారే పెట్రోల్ నేరుగా వేడి ఇంజన్ మీద పడుతుంది. ఆ ఇంజన్ కేసు మెగ్నీషియం మిశ్రలోహం, ఒకసారి అంటుకుంటే ఆర్పడం మహా కష్టం. గొట్టాలన్నీ కొత్తవి వేయించి, క్లిప్పులు బిగించి, చేతికందే చోట మంటలార్పే సిలిండర్ పెట్టుకున్నాకే మిగతా మాటలు. తరవాత ఎర్త్‌లు. బ్యాటరీ నుంచి బాడీకి, గేర్‌బాక్స్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ పట్టీలు విప్పి, తుప్పు గీకి, లోహం మెరిసేదాకా రుద్ది మళ్లీ బిగించండి. స్టార్టర్ బద్ధకంగా తిరుగుతోందని కొత్త బ్యాటరీ కొనేవాళ్లలో చాలామందికి కావలసింది ఈ పనే.

నడిపే వైరింగ్‌లో నేను మార్చమని చెప్పేది ఒకటుంది, హెడ్‌లైట్లకు రిలే. 55 వాట్ల బల్బులు రెండంటే దాదాపు 9 ఆంపియర్లు. అదంతా పాత స్విచ్ గుండా పారుతుంది. స్విచ్ లోపలి కాంటాక్టులు నల్లబడితే వోల్టేజీ అక్కడే పడిపోతుంది. రిలే పెడితే ఆ భారం స్విచ్ మీద ఉండదు, అవే బల్బులు ఎంతో తేటగా వెలుగుతాయి. కావాలంటే ఎప్పుడైనా తీసేయొచ్చు.

ఇక మీవారి కోరికలు. రెండో బ్యాటరీ తప్పకుండా పెట్టించుకోండి. దానికి సొంత ఫ్యూజు బాక్సు, సొంత మెయిన్ స్విచ్ ఉండాలి. బ్యాటరీ ప్లస్‌కి జానెడు దూరంలోపే మెయిన్ ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు ఉన్నది తీగను కాపాడటానికి. బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్య ఉన్న తీగ ముక్క ఎక్కడైనా రేకుకి రాసుకుంటే కాపాడేవాళ్లు లేరు.

బ్యాటరీ ఎంతది కావాలో కాగితం మీద లెక్క వేసుకోండి. 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ నడిచేటప్పుడు 45 వాట్ల దాకా లాగుతుంది అనుకుందాం. ఆగుతూ నడుస్తూ రోజుకి మొత్తం 10 గంటలు తిరిగితే 450 వాట్-అవర్లు, అంటే దాదాపు 37 ఆంపియర్-అవర్లు. లైట్లు, ఫోన్లు, చిన్న ఫ్యాను కలిపినా 45 దగ్గర ఆగుతుంది. 100 ఆంపియర్-అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తగ్గిపోతుంది కాబట్టి అది ఒక రోజుకే సరిపోతుంది. అంతే సామర్థ్యం ఉన్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 80 దాకా నిశ్చింతగా వాడుకోవచ్చు, బరువు కూడా సగమే. ఇక్కడ మీవారు అన్నది సబబే.

తీగ లావు దగ్గర మాత్రం పొదుపు చేయనివ్వకండి. బ్యాటరీ నుంచి ఫ్రిజ్‌కి 5 మీటర్లు ఉంటే పోను రాను 10 మీటర్ల తీగ. 1 చదరపు మిల్లీమీటరు తీగలో 5 ఆంపియర్లు పారితే దాదాపు 0.85 వోల్టు దారిలోనే పోతుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ అయితే 0.35 లోపే. బ్యాటరీ నిండుగా ఉన్నా ఫ్రిజ్ 'వోల్టేజీ తక్కువ' అని ఆగిపోతోందంటే ముందు తీగను అనుమానించాలి.

ఇన్వర్టర్ వద్దు. 1000 వాట్లు 12 వోల్టుల నుంచి తీయాలంటే 83 ఆంపియర్లు కావాలి, ఇన్వర్టర్ లోపల పోయేది కలిపితే 90 దాటుతుంది. దానికి తగ్గ లావు తీగలు, పెద్ద ఫ్యూజులు, పెద్ద బ్యాటరీ... ఒకటి వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. నీళ్లు కాచుకోవడానికి గ్యాస్ పొయ్యి ఉంది, ల్యాప్‌టాప్‌కి 12 వోల్టుల ఛార్జరు దొరుకుతుంది.

సోలార్ ప్యానెల్ కోసం కప్పుకి చిల్లులు పెట్టించకండి. మీది పైకి లేచే కప్పు అయితే అస్సలు వద్దు. ప్రతి చిల్లూ నీళ్లకు దారి, ఎత్తే ప్రతిసారీ ఆ బరువు కీళ్ల మీద పడుతుంది. బయట పరుచుకునే మడత ప్యానెల్ తీసుకోండి. బండి నీడలో ఉంటుంది, ప్యానెల్ ఎండలో ఉంటుంది. 100 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో 5 ఆంపియర్ల దాకా ఇస్తుంది.

టచ్ స్క్రీన్ కోసం డ్యాష్‌బోర్డు రేకు కోయించడానికి మాత్రం నేను ససేమిరా ఒప్పుకోను. దారి చూపించడానికి ఫోనూ, దానికో స్టాండూ చాలు. పైగా ఆ స్క్రీన్లు ఆపేసినా కొద్దికొద్దిగా కరెంటు లాగుతూనే ఉంటాయి. 50 మిల్లీ ఆంపియర్లంటే చాలా తక్కువ అనిపిస్తుంది కానీ రోజుకి 1.2, నెలకి 36 ఆంపియర్-అవర్లు. నెల రోజులు కదలకుండా ఉన్న బండి స్టార్ట్ అవ్వకపోవడానికి అది చాలు. వెనక కెమెరా కావాలంటే రెండో బ్యాటరీ మీద, సొంత స్విచ్‌తో పెట్టుకోండి.

మీ మామగారు సొంతంగా వేసుకున్న తీగలు, అతికించిన చీటీలు ఏమైనా ఉంటే విప్పేముందు ఫోటోలు తీసి పెట్టుకోండి. కంపెనీ వైరింగ్ బొమ్మలో లేనివి వాటివల్లే అర్థమవుతాయి.

ప్రశ్న: పాత వ్యాన్‌లో బల్బులన్నీ తీసేసి ఎల్‌ఈడీలు పెట్టాను. ఇండికేటర్ వెలిగి అలాగే ఉండిపోతోంది, ఆరడం లేదు. అప్పటినుంచే బ్యాటరీ కూడా ఛార్జ్ అవ్వడం లేదు. ఆల్టర్నేటర్ పోయిందంటున్నారు. కొత్తది వేయించాలా?

జవాబు: ఆగండి, కొనకండి! మీటర్ల దగ్గర ఎర్రగా వెలిగే ఛార్జింగ్ లైటు బల్బు కూడా మార్చారా? మార్చి ఉంటే ముందు పాత బల్బు మళ్లీ పెట్టి చూడండి. పాత ఆల్టర్నేటర్లలో ఆ చిన్న బల్బు వార్నింగ్ ఇవ్వడంతో ఆగదు. తాళం తిప్పగానే బల్బు గుండా పారే కొద్దిపాటి కరెంటే ఆల్టర్నేటర్ లోపలి చుట్టకు మొదటి అయస్కాంత బలం ఇస్తుంది. దాంతోనే అది కరెంటు తయారు చేయడం మొదలుపెడుతుంది. ఎల్‌ఈడీ గుండా పారే కరెంటు అందుకు చాలదు. ఇంజన్ తిరుగుతుంది, ఆల్టర్నేటర్ తిరుగుతుంది, కరెంటు మాత్రం పుట్టదు. మల్టీమీటర్ బ్యాటరీ మీద పెట్టి, ఇంజన్ కాస్త రేజ్ చేసి చూడండి. 14 వోల్టుల దగ్గర చూపిస్తే ఆల్టర్నేటర్ బాగున్నట్టే.

ఇండికేటర్ సంగతీ అలాంటిదే. పాత ఫ్లాషర్ లోపల వేడికి వంగే లోహపు పట్టీ ఉంటుంది. 21 వాట్ల బల్బులు లాగే కరెంటుకి అది వేడెక్కి వంగుతుంది, చల్లారి వెనక్కి వస్తుంది. ఎల్‌ఈడీ లాగే కరెంటుకి అది వేడే ఎక్కదు. ఎల్‌ఈడీకి పనికొచ్చే ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ వేయండి, లేదా ఇండికేటర్లకు మాత్రం పాత బల్బులే ఉంచుకోండి. నేనైతే లోపలి లైట్లన్నీ ఎల్‌ఈడీ చేసి, బయటివి పాతవే ఉంచుతాను.

ప్రశ్న: అన్నా, పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెడితే బండి స్మూత్‌గా ఉంటుందని ఫ్రెండ్స్ అంటున్నారు. మా మెకానిక్ వద్దంటే వద్దంటున్నాడు. ఏం చేయను?

జవాబు: తమ్ముడూ, పెట్టుకో. ఇది నడిపే వైరింగ్‌లోది కదా, పైన చెప్పినదానికి విరుద్ధం కాదా అని అడగొచ్చు. ఎందుకు పెట్టుకోమంటున్నానో చెప్తాను.

డిస్ట్రిబ్యూటర్ మూత తీసి చూడు. షాఫ్ట్ మీద ఉన్న గట్లకు ఆనుకుని ఒక చిన్న ముక్క రాసుకుంటూ ఉంటుంది. అది ఎత్తినప్పుడల్లా పాయింట్లు తెరుచుకుని స్పార్క్ వస్తుంది. ఈ ఇంజన్లలో పాయింట్ల మధ్య సందు 0.4 మిల్లీమీటర్లు ఉండాలి. నడిచేకొద్దీ ఆ ముక్క అరిగి సందు తగ్గుతుంది. సందు తగ్గితే పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, స్పార్క్ ఆలస్యమవుతుంది, ఇంజన్ వేడెక్కుతుంది. గాలితో చల్లబడే ఇంజన్‌కి అది మంచిది కాదు. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) పెట్టి వేళకు సరిచేసుకునేవాళ్లకు పాయింట్లతో ఏ ఇబ్బందీ లేదు. సరిచేసుకోని వాళ్లకు, పాయింట్ల బదులు పెట్టే ఎలక్ట్రానిక్ మాడ్యూల్ నిజంగా మేలు చేస్తుంది. దాంట్లో అరిగేది లేదు.

మీ మెకానిక్ భయంలోనూ నిజముంది. పాయింట్లు పాడయ్యేముందు చెప్తాయి. బండి కొడుతుంది, గుంజుతుంది, అయినా ఎలాగోలా ఇంటికి చేరుస్తుంది. మాడ్యూల్ చెప్పాపెట్టకుండా పోతుంది, రోడ్డు పక్కన దాన్ని బాగు చేయలేం. ఇంజన్ ఆపేసి తాళం ఆన్‌లో వదిలేస్తే కొన్ని రకాలు కాలిపోతాయి. ప్లస్, మైనస్ తారుమారైతే అక్కడికక్కడే పోతుంది. అందుకని తీసిన పాయింట్లు, కండెన్సర్, వాటి స్క్రూలు, ఫీలర్ గేజ్ ఒక చిన్న డబ్బాలో బండిలోనే ఉంచుకో. ఇంటి దగ్గర తీరిగ్గా ఒకసారి మాడ్యూల్ తీసి పాయింట్లు పెట్టి స్టార్ట్ చేసి చూడు. చేయి తిరిగిందంటే ఇక టెన్షన్ లేదు. చిన్న డబ్బాలో పట్టే పాత పద్ధతి వెంట ఉంది కాబట్టే ఒప్పుకుంటున్నాను. డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ అటూఇటూ ఊగుతుంటే మాత్రం ముందు అది బాగు చేయించు. ఆ జబ్బు మాడ్యూల్‌తో పోదు.

ప్రశ్న: ఇంజన్ బ్యాటరీ నుంచి ఒక రిలే ద్వారా లిథియం బ్యాటరీకి నేరుగా లైను లాగేయొచ్చా? పాత లెడ్ యాసిడ్ బ్యాటరీకి అలాగే ఉండేది.

జవాబు: లాగకండి. లెడ్ యాసిడ్ నిండేకొద్దీ తీసుకోవడం తగ్గిస్తుంది. లిథియం దాదాపు నిండేదాకా ఆల్టర్నేటర్ ఎంత ఇవ్వగలిగితే అంతా లాగేసుకుంటుంది. పాత ఆల్టర్నేటర్ గంటల తరబడి పూర్తి బలంతో పని చేయడానికి తయారైంది కాదు. ఇంజన్ నిదానంగా తిరిగేటప్పుడు దాని ఫ్యాను కూడా నిదానమే, వేడి మాత్రం తగ్గదు. అలా చుట్టలు మాడిపోతాయి. మధ్యలో, లాగే కరెంటుకి హద్దు పెట్టే డీసీ-డీసీ ఛార్జర్ పెట్టండి, పెద్దది కాకుండా 20 ఆంపియర్లది. డైనమో (ఆల్టర్నేటర్‌కి ముందు వాడిన పాత రకం జనరేటర్) ఉన్న బండి అయితే ఆ ఆశ కూడా పెట్టుకోవద్దు, సోలార్ మీదే ఆధారపడండి. ఐడ్లింగ్‌లో డైనమో ఇచ్చేది దాదాపు శూన్యం. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని 0 డిగ్రీల కన్నా చల్లగా ఉన్నప్పుడు ఛార్జ్ చేయకూడదు. ఆ రక్షణ లోపల ఉన్నదే కొనండి.

ప్రశ్న: నాది 1965 ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్, 6 వోల్టులది. అంతా 12కి మార్చేయాలా?

జవాబు: 1967 మోడల్ నుంచే అవి 12 వోల్టులకు మారాయి, కాబట్టి మీ బండి పుట్టుకే 6. అదే బల్బు వెలుగుకి రెట్టింపు కరెంటు పారుతుంది కనుక ఒక్క తుప్పు పట్టిన జాయింట్ ఉన్నా ఎక్కువగా బాధిస్తుంది. జాయింట్లు శుభ్రంగా ఉంటే అది చక్కగా నడుస్తుంది. దాన్ని కదపకండి. వాడుకోవడానికి 12 వోల్టుల బ్యాటరీ, మడత సోలార్ ప్యానెల్ విడిగా పెట్టుకోండి. రెంటి మధ్య ఒక్క తీగ కూడా వద్దు.

ప్రశ్న: మేం పాత పద్ధతే బాగుందనుకునే కుటుంబం. గ్యాస్ పొయ్యి, ఇంజన్ వేడితో వచ్చే హీటరు, అంతే. ఎలక్ట్రానిక్స్ అసలేమీ పెట్టలేదు. మాది సరైన పద్ధతే కదా?

జవాబు: ఒక్కటి మాత్రం పెట్టి తీరాలి, కార్బన్ మోనాక్సైడ్ అలారం. దీని మీద నేను ఎవరితోనూ రాజీపడను.

మీరు చెప్పిన హీటరు ఎలా పని చేస్తుందో చూడండి. ఇంజన్ ఎగ్జాస్ట్ గొట్టం చుట్టూ ఒక రేకు డబ్బా ఉంటుంది. ఆ సందులోంచి గాలి వెళ్లి వేడెక్కి మీరు కూర్చున్న చోటికి వస్తుంది. గొట్టానికి తుప్పు పట్టి చిల్లు పడితే పొగ ఆ గాలిలోనే కలిసి లోపలికి వస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, రంగు లేదు. మొదట తలనొప్పి, తరవాత మగత. ప్రయాణ బడలిక అనుకుని పడుకుంటారు. పిల్లలు వెనక నిద్రపోతూ ఉంటారు. మనిషి ముక్కు పట్టుకోలేనిదాన్ని పట్టుకునే పరికరం ఉన్నప్పుడు వద్దనుకోవడానికి కారణం నాకు కనిపించదు.

క్యాంపర్ వ్యాన్ల కోసం ఉద్దేశించిన యూరప్ ప్రమాణం ఈఎన్ 50291-2. కొనేటప్పుడు పెట్టె మీద ఆ అంకె ఉందో లేదో చూడండి. బ్యాటరీతో పని చేసేది తీసుకుంటే బండి వైరింగ్ జోలికి వెళ్లనక్కరలేదు. పడుకున్నప్పుడు తల ఉండే ఎత్తులో, పొయ్యికి కాస్త దూరంగా బిగించండి. వంటగ్యాస్ లీకైతే చెప్పే అలారం వేరు. ఆ గ్యాస్ గాలికన్నా బరువు కాబట్టి దాన్ని నేలకు దగ్గరగా పెట్టాలి. గ్యాస్ కిందికి పోవడానికి నేలలో ఉన్న రంధ్రాన్ని చలి వస్తోందని గుడ్డ కుక్కి మూయకండి. పొయ్యి వెలిగించి చలి కాచుకోవడం మానేయండి.

అలారం లోపలి సెన్సర్‌కి గడువు ఉంటుంది, తేదీ వెనకవైపు ముద్రించి ఉంటుంది. బిగించేముందే ఆ తేదీని ముందువైపు పెద్ద అక్షరాలతో రాసి అతికించండి. బయల్దేరే ప్రతిసారీ టెస్ట్ బటన్ నొక్కే పని ఇంట్లో ఒకరికి అప్పగించండి.